లేని వంతెనకు రిబ్బన్

"మాలినాబ్ నదిపై కొత్త వంతెనను ఫిబ్రవరి పదో తేదీ ఉదయం తొమ్మిది గంటలకు ప్రారంభిస్తున్నామని సాన్ టెలెస్ఫోరో పురప్రజలకు సగర్వంగా తెలియజేస్తున్నాము. ప్రజలు నది దగ్గరకు రానవసరం లేదు. వంతెన మున్సిపల్ వ్యాయామశాలలో ఉంటుంది."

ఈ ప్రకటన రాసింది నేనే. మేయర్ ఆర్కాడియో పనిసాలెస్ గారి దగ్గర పదకొండేళ్లుగా సమాచార అధికారిని. ఆయన చేసిన పనులు రాయడం తేలిక. చేయనివి రాయడంలోనే నా అనుభవమంతా ఉంది.

పాత వంతెన నాలుగేళ్ల కిందటి తుఫానుకు కొట్టుకుపోయింది. రెండు స్తంభాలు మిగిలాయి, వాటి మీద కొంగలు వాలతాయి. కొత్తదానికి మేయర్ గారు మూడుసార్లు శంకుస్థాపన చేశారు. ఏ నాయకుడైనా ఒక వంతెనకు ఒక్క రాయే వేస్తాడు. మా మేయర్ గారు మూడు వేశారు. ఈలోగా అవతలి ఒడ్డు పిల్లలు బడికీ, ఆడవాళ్లు సంతకీ మనాంగ్ లూదింగ్ పడవలో వచ్చి పోతున్నారు. మనాంగ్ అంటే మాకు అక్క. లూదింగ్‌కి అరవై దాటినా ఊరందరికీ అక్కే.

ఆ పరిస్థితుల్లో మా ఆఫీసుకి డాక్టర్ నోయెమి ఫల్దాస్ వచ్చారు. నగరంలోని యూనివర్సిటీలో పదిహేడేళ్లుగా ఆవిడ ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు: తాను లేని చోట ఉన్నానని మనిషి ఎప్పుడు నమ్ముతాడు? కళ్లకు హెడ్‌సెట్ కట్టి, కంప్యూటర్ సృష్టించిన చోట్లలో జనాన్ని నడిపించి, గుండె ఎంత వేగంగా కొట్టుకుందో, కాలు ఎక్కడ తడబడిందో రాసుకుంటారు. ఏడుకి మార్కులు వేస్తారు. ఏడు వస్తే ఒళ్లంతా నమ్మినట్టు. ఇప్పటిదాకా అయిదున్నర దాటినవాళ్లు లేరు. ఆవిడకి దొరికేది విద్యార్థులే. వాళ్లు రాత్రీ పగలూ ఆటలాడే రకం, కొండ మీంచి తోసినా ఆవలిస్తారు. జూన్‌లోగా చెప్పుకోదగ్గ ఫలితం చూపించకపోతే ఆ లాబ్‌ని బేకరీ కోర్సుకి ఇచ్చేస్తామన్నారట డీన్ గారు. ఓవెన్ అప్పుడే వచ్చి వరండాలో కూర్చుందట.

"మామూలు జనం కావాలి సర్. ఒక వందమంది చాలు. మీరు అనుమతిస్తే..." అన్నారావిడ.

"అసలు మీ పరిశోధన దేని మీదమ్మా?"

"లేనిదాన్ని ఉన్నట్టు జనం ఎలా నమ్ముతారన్న దాని మీద."

మేయర్ గారు కుర్చీలోంచి లేచి ఆవిడకి చెయ్యి కలిపారు. "డాక్టర్ గారూ, నేనూ ఇరవై రెండేళ్లుగా ఆ రంగంలోనే ఉన్నాను."

అక్కడికక్కడే అనుమతి ఇచ్చేశారు. ఒక్కటే షరతు. ఆ లేని చోటు మాలినాబ్ వంతెన కావాలి. ఎన్నికలు మేలో. మేడమ్ కూడా ఒక షరతు పెట్టారు. తన వంతెన అచ్చంగా అసలు వంతెనలాగే ఉండాలి కాబట్టి ఇంజినీరు గీసిన డ్రాయింగులన్నీ కావాలన్నారు. అవి మేయర్ గారి బావమరిది ఇంజినీర్ ఫెర్మిన్ గీసినవి. ఎన్నికలవగానే వాటి ప్రకారమే కట్టబోతున్నారు. ఫైలంతా అట్ట పెట్టెలో పెట్టి ఇచ్చేశాం.

రెండు వారాల తర్వాత మేడమ్ ఒక కాగితం పట్టుకుని వచ్చారు. "సర్, ఈ డ్రాయింగుల్లో నాకొకటి అర్థం కావడం లేదు. మధ్య దూలం దగ్గర బరువు లెక్క వేస్తే..."

"వెరీ గుడ్," అంటూ మేయర్ గారు ఆ కాగితం మీద 'ప్రేమతో, మీ ఆర్కాడియో' అని సంతకం చేసి ఇచ్చేశారు. మర్నాడు మళ్లీ వచ్చారు. మళ్లీ సంతకం పెట్టారు. అడిగినవాళ్లకి కాదనే మనిషి కాదు.

ప్రారంభోత్సవం బ్రహ్మాండంగా జరిగింది. బ్యాండు మేళం, కాల్చిన పంది, బేసిన్ల నిండా పన్సిత్ నూడుల్స్. గోడ నిండా మేయర్ గారి ముఖం ఉన్న బ్యానరు. నేల మీద నలభై అడుగుల చెక్క పరిచారు. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఆ చెక్కే వంతెన, కింద నది. దీవించడానికి వచ్చిన చర్చి ఫాదర్‌కి, పాపం, పవిత్ర జలం ఎక్కడ చల్లాలో తెలియలేదు. కంప్యూటర్ వైపు రెండడుగులు వేశారు.

"దాని మీద వద్దు ఫాదర్!" అని మేడమ్ కేక పెట్టారు. ఫాదర్ చెక్క మీద చల్లి వచ్చేశారు.

మొదట దాటిన గౌరవం మనాంగ్ లూదింగ్‌కి దక్కింది. చేతిలో చేపల బుట్టతోనే నడిచింది. చివరికి వచ్చి హెడ్‌సెట్ తీసి, చుట్టూ చూసింది.

"ఏం ఇందాయ్," అంది మేడమ్‌తో. మా వైపు తనకన్నా చిన్నదైన ఆడమనిషిని అలాగే పిలుస్తారు. "వంతెన బాగుంది. గాలి కూడా వేసినట్టే ఉంది. మరి నేను దాటినట్టా, దాటనట్టా?"

"దాటినట్టే మనాంగ్."

"అయితే మా ఇల్లేదీ?"

మేడమ్ కాగితం మీద నాలుగున్నర అని రాసుకున్నారు. నేను మాత్రం 'వంతెన దాటి ఇల్లు వెతుక్కున్న మహిళ' అని రాసి పత్రికలకు పంపించాను.

రెండు రోజుల్లో రెండు వందల పన్నెండుమంది దాటారు. వాళ్లలో కొందరు అవతలి ఒడ్డు నుంచి పడవలో వచ్చి, దాటి, మళ్లీ పడవలో వెళ్లారు. 'మాలినాబ్ వంతెనపై పెరిగిన రాకపోకలు' అని నేను రాసింది రాజధాని మనీలాలో ఎవరి కంట పడిందో, స్వయంగా ప్రజా పనుల శాఖ అండర్ సెక్రటరీ గారే చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది.

మేయర్ గారికి ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే మేడమ్‌ని పిలిపించారు.

"ఖాళీ వంతెన చూపిస్తే ఏం బాగుంటుందమ్మా? జనం ఎక్కే జీప్నీలు పెట్టండి. బియ్యం లారీలు పెట్టండి. ఊరేగింపు పెట్టండి. నేను మధ్యలో నడుస్తాను, ఆయన పెద్ద తెర మీద చూస్తారు."

"వాహనాలు పెట్టాలంటే బరువు లెక్కలు కూడా వేయాలి సర్. అప్పుడు వంతెన ఎలా ప్రవర్తించాలో అలాగే ప్రవర్తిస్తుంది."

"వేయండి! అన్నీ వేయండి! మనకి లోటేమిటి?"

"సర్, నేను అప్పుడు చెప్పబోయింది అదే..."

"తోతో, మేడమ్‌కి కాఫీ చెప్పు," అన్నారు నాతో. తోతో అంటే తమ్ముడు. నాకు యాభై రెండు.

అండర్ సెక్రటరీ గారు వచ్చారు. సన్నగా, తక్కువ మాట్లాడే మనిషి. ముందు వరసలో కూర్చున్నారు. ఊరంతా వెనక కిక్కిరిసింది. అంతవరకూ మేయర్ గారు హెడ్‌సెట్ పెట్టుకోలేదు, క్రాపు చెదురుతుందని. ఆ రోజు ప్రజల కోసం ఆ త్యాగం కూడా చేశారు. చొక్కాకి మైకు తగిలించుకుని చెక్క మీద అడుగు పెట్టారు.

"మిత్రులారా! ఇదిగో అభివృద్ధి! నా వెనక బియ్యం లారీ వస్తోంది. ముందు జీప్నీలు. ఆహా!" పది అడుగులు రాజులా నడిచారు. పదిహేనో అడుగులో ఆగారు. "డాక్టర్ గారూ, ఇదేమిటి, ఊగుతోందేం?"

"లారీ ఎక్కింది సర్."

"రెండోది కూడా వస్తోందేమిటి! ఆపండి!"

"లారీలు పెట్టమన్నది మీరే సర్."

తెర మీద మధ్య దూలం చిన్నగా పగిలింది. మేయర్ గారు రెండు చేతులూ చాచి నిలబడ్డారు.

"అసలిది ఎవరు కట్టారు?"

"ఇంకా ఎవరూ కట్టలేదు సర్. ఇంజినీర్ ఫెర్మిన్ గారి డ్రాయింగుల ప్రకారం..."

"ఫెర్మినా?" అని మేయర్ గారు పెట్టిన కేక మైకులోంచి అవతలి ఒడ్డు దాకా వినిపించిందని తర్వాత చెప్పుకున్నారు. ఆ మరుక్షణం ఆయన చెక్క మీద బోర్లా పడుకున్నారు. "అమ్మా! ఫెర్మిన్ కట్టిందట్రా! వాడు మా కోళ్లగూడు కడితేనే నిలవలేదురా! తోతో, తాడు వెయ్యి!"

నేను వెళ్లి చెయ్యి అందించాను. పట్టుకోలేదు, నేనూ పడిపోతానని ఆయన భయం. చెక్కని కావలించుకుని, అంగుళం అంగుళం వెనక్కి పాకి, నేల తగిలాక కూడా నాలుగు గజాలు పాకారు.

మనాంగ్ లూదింగ్ వెనక నుంచి, "పడవ కావాలా మేయర్?" అని అడిగింది. అప్పుడు నవ్వింది ఊరు.

అండర్ సెక్రటరీ గారు మేడమ్ దగ్గరకు వెళ్లారు. "ఫలితం ఏమిటి?"

మేడమ్ చేతిలో కాగితం మరోసారి చూసుకున్నారు. "ఏడు సర్. ఏడుకి ఏడు." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "పదిహేడేళ్లలో ఇదే మొదటిసారి."

"ఆ డ్రాయింగుల పెట్టె ఎక్కడుంది?" అన్నారాయన. పెట్టె ఆయన కారులో మనీలా వెళ్లిపోయింది. అసలు వంతెన కోసం వేరే ఇంజినీర్లు వచ్చి నది కొలుస్తున్నారు. మేడమ్ వ్యాసం ఏప్రిల్‌లో పెద్ద పత్రికలో అచ్చయింది. అందులో మేయర్ గారి పేరు లేదు, 'పాల్గొన్న వ్యక్తి 213' అని ఉంది. అది తెలిసి ఆయన చాలా నొచ్చుకున్నారు. లాబ్ నిలిచింది. ఓవెన్ ఇంకా వరండాలోనే ఉంది, డీన్ గారు దాని మీద ఫైళ్లు పెట్టుకుంటున్నారు.

ఇక మేయర్ గారు. ఒక నాయకుడు కింద పడితే చూడాలి, ఎంత త్వరగా లేస్తాడో! మర్నాడు ఉదయానికే ఉత్తర్వు జారీ చేశారు: వ్యాయామశాలలోని వంతెన బలహీనంగా ఉన్నట్టు తన స్వీయ తనిఖీలో తేలినందున, ప్రజల భద్రత దృష్ట్యా దానికి వెంటనే మరమ్మతులు చేయించాలి. కాంట్రాక్టు ఎవరికిచ్చారో వేరే చెప్పాలా? ఊళ్లో ఉన్న ఇంజినీరు ఒక్కడే.

సోమవారం ఇంజినీర్ ఫెర్మిన్ పచ్చ టోపీ పెట్టుకుని, ఇద్దరు తాపీ పనివాళ్లతో వ్యాయామశాలకి వచ్చాడు. లారీలో ఇసుక కూడా వచ్చింది. మేడమ్ సామాన్లు సర్దుకుంటున్నారు.

"నమస్కారం మేడమ్. వంతెన ఎక్కడుంది?"

ఆవిడ హెడ్‌సెట్ అందించారు. ఫెర్మిన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, నెత్తి దాకా ఎత్తాడు, ఆగాడు.

"మేడమ్, ఒక మాట. ఇది అచ్చంగా నా డ్రాయింగుల ప్రకారమేనా?"

"గీత కూడా మార్చలేదండీ."

ఫెర్మిన్ హెడ్‌సెట్‌ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, తాపీ పనివాళ్ల వైపు తిరిగాడు.

"ముందు మీరు ఎక్కండిరా," అన్నాడు.