వేరియస్ గారి తొమ్మిది ఆల్బమ్‌లు

ఈ ఏడాది వచ్చిన ఆల్బమ్‌లలో నాకు బాగా నచ్చినవి తొమ్మిది. తొమ్మిదీ ఒకే మనిషి చేసినవి! ఆయన పేరు వేరియస్ ఆర్టిస్ట్స్.

ఈ సంగతి కనిపెట్టింది నేను కాదు, మా అత్తగారు. పద్నాలుగేళ్లుగా ఏడాది చివర ఇదే పేజీలో "ఈ ఏటి మేటి ఆల్బమ్‌లు" రాస్తున్న నాకు తట్టనిది, డెబ్బై రెండేళ్ల ఆవిడకు ఫోన్ చూడగానే తట్టింది. పాటల యాప్‌ను వేలితో పైకీ కిందకీ తోస్తూ, "ఈ వేరియస్ ఎవరు బాబూ? ఎక్కడ చూసినా ఈయనే ఉన్నాడు. పాపం, నిద్రపోతాడా అసలు?" అని అడిగారు.

నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, ఆవిడ మాటలో తప్పేముంది? సంగీతానికి ఇంత సేవ చేసినవాడు మరొకడున్నాడా? ఒకే ఆల్బమ్‌లో ఆడగొంతుతో జోల పాడతాడు, మగగొంతుతో ప్రేయసిని దబాయిస్తాడు, అదే నిమిషంలో వెనకాల వేణువు ఊదుతూ, డోలు కొడుతూ, నలభై వయొలిన్లు వాయిస్తాడు. నలభై వయొలిన్లకు ఎనభై చేతులు కావాలి. ఉన్నాయి కాబోలు!

పూర్వం మనకు ఈ సుఖం లేదు. క్యాసెట్ కొంటే లోపల మడతలు పెట్టిన అట్ట ఒకటి ఉండేది. అందులో చీమ తలకాయంత అక్షరాలతో వేణువు ఫలానా, వయొలిన్ ఫలానా, చివరికి మైకులు సర్దింది ఫలానా అని వేసేవారు. అవి చదవబోయి ఒక తరం కళ్లు పాడుచేసుకుంది. ఇప్పుడు యాప్ దయవల్ల మన కళ్లు క్షేమం. పెద్ద గాయకుడి మొహం ఒకటి ఉంటుంది, కింద వేరియస్ ఆర్టిస్ట్స్ అని ఉంటుంది. ఇంకేం కావాలి?

పేర్లు లేకపోతే ఎన్ని తలనొప్పులు తగ్గుతాయో చూడండి. ఎవరు గొప్ప అనే వాదన లేదు. సన్మాన సభలు పెట్టనక్కర్లేదు, వాటిలో ముందు వరుసలో కూర్చుని ఆవలింతలు ఆపుకోనక్కర్లేదు. ఎవరైనా పోతే సంతాపం రాయనక్కర్లేదు. పోయింది ఎవరో తెలిస్తే కదా రాయడానికి! వేరియస్ గారికి జబ్బు చేయదు, వయసు మీద పడదు, చావు అసలే లేదు.

యాప్ చేసిన మరో మేలు, సంగీతాన్ని పనులవారీగా విడగొట్టడం. వంటకు ఒకటి, నడకకు ఒకటి, గిన్నెలు తోమడానికి ఒకటి. నా జాబితాలో నాలుగో స్థానం "నిద్ర పట్టనివారికి" అనే ఆల్బమ్‌ది. అందులో రెండో పాట ఎలా ఉంటుందో నాకు తెలియదు, మొదటి పాట అంత గొప్పగా ఉంది. ఏడోది "ఏకాగ్రత కోసం". అది వింటూ ఈ కాలమ్ మొదలుపెట్టి, పొయ్యి మీద పాల సంగతి పూర్తిగా మరిచిపోయాను. మా ఇల్లంతా ఇంకా మాడు వాసనే.

ఇంత చక్కటి ఏర్పాటు వల్ల ఇబ్బంది పడుతున్న మనిషి కూడా ఒకడున్నాడు. ఎవరో కాదు, మా బావమరిది, అత్తగారి ఒక్కగానొక్క కొడుకు. ఇరవై రెండేళ్లుగా రికార్డింగ్ స్టూడియోల్లో వయొలిన్ వాయిస్తున్నాడు. ఎడమ దవడ కింద వయొలిన్ ఒరుసుకుని నల్లటి మచ్చ పడింది. ఆ రోజు అత్తగారు యాప్‌లో వెతుకుతున్నది ఈ కొడుకు పేరు కోసమేనని నాకు తర్వాత తెలిసింది.

ఈ మధ్య వయొలిన్ పని కూడా కీబోర్డే కానిచ్చేస్తోంది. మావాడికి పిలుపులు తగ్గిపోయాయి, పోయిన రెండు నెలల్లో ఒక్కటీ రాలేదు. అందుకని ఒక సంగీత పాఠశాలలో వయొలిన్ మాస్టారి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. అది రాకపోతే వయొలిన్ పెట్టెలో పెట్టేసి ఇంకేదైనా పని చూసుకోవలసిందే.

ఇంటర్వ్యూకి ముగ్గురు కూర్చున్నారట. ఇతను ఇచ్చిన ఆల్బమ్‌ల జాబితా చూసి, యాప్ తెరిచి, మధ్యలో కూర్చున్నాయన అడిగాడట.

"ఇక్కడ వేరియస్ ఆర్టిస్ట్స్ అని ఉందండీ. అందులో మీరెవరు?"

"వయొలినండీ."

"అది మేమెలా నమ్మాలి?"

ఇతను దవడ ఎత్తి మచ్చ చూపించాడు. మచ్చ సర్టిఫికెట్ కాదన్నారు. పోనీ వాయించి చూపించనా అన్నాడు. "ఇది ఇంటర్వ్యూ అండీ, కచేరీ కాదు" అన్నారు. సంగీత పాఠశాల అంటే అలా పద్ధతిగా ఉండాలి!

అయితే వాళ్లు మరీ రాతిగుండె మనుషులేం కారు. పేరున్న పత్రికలో ఇతని పేరు అచ్చయిన కటింగ్ ఒక్కటి తెచ్చినా చాలు, శుక్రవారం సాయంత్రం దాకా ఆగుతాం అన్నారు. మావాడి మొహం వెలిగిపోయింది. పత్రికలో రాసే మనిషి ఇంట్లోనే ఉన్నాడాయె!

ఆదివారం పొద్దున్నే వచ్చాడు. నా పద్నాలుగు కాలమ్‌లూ ఒక ఫైల్లో అతికించి ఉన్నాయి. మా ఆవిడ ముచ్చటపడి అతికించిందని నలుగురికీ చెబుతుంటాను గాని, అతికించుకున్నది నేనే. వాటిని హాల్లో నేల మీద పరుచుకుని నలుగురం చుట్టూ కూర్చున్నాం. అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో వరుసా వేలితో తడుముతూ చదివారు.

"వయొలిన్ మనసును తాకింది" అని పదకొండు చోట్ల ఉంది. "వయొలిన్ హాయిగా సాగింది" అని రెండు చోట్ల. మావాడు ఒక్కొక్కటే చూసి, "ఇది నేనే బావా. ఇదీ నేనే. ఇది మాత్రం కాదు, ఆ రోజు జ్వరమొచ్చి వెళ్లలేదు" అంటూ వచ్చాడు. పదమూడింటిలో పది అతనివే.

"మరి నీ పేరేదిరా?" అన్నారు అత్తగారు.

"చోటు లేక ఉంటుందిలే అమ్మా" అన్నాడు.

నాలుగు తిట్టి ఉంటే అంత సిగ్గేసేది కాదు. పద్నాలుగు కాలమ్‌ల నెత్తినా లావుపాటి అక్షరాల్లో నా పేరు, పక్కన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా ఫొటో. రికార్డింగ్ నుంచి నేరుగా మా ఇంటికొచ్చి ఇతను భోంచేసిన రోజులెన్నో ఉన్నాయి. ఇవాళ ఏ పాటకి వాయించావని ఒక్కసారీ అడగలేదు. మనసును తాకిందని రాయడానికి మాత్రం ఏ ఏడాదీ మరిచిపోలేదు.

మా ఆవిడ కాగితాలు సర్దుతూ, నా వైపు చూడకుండా, "ఈ ఏడాదిది ఇంకా రాయలేదు కదండీ. శుక్రవారం పొద్దున పేపర్లోనేగా వచ్చేది" అంది.

"పొగడక్కర్లేదు బావా," అన్నాడు బావమరిది. "వయొలిన్ అని రాసి, పక్కన పేరు. అంతే."

తప్పకుండా అన్నాను. అదీ ఒక పనేనా అన్నాను. అత్తగారు అప్పుడే లేచి, లోపలి నుంచి కత్తెర తెచ్చి టీవీ పక్కన పెట్టుకున్నారు.

కాబట్టి పాఠకులారా, ఈ ఏటి మేటి ఆల్బమ్‌లు తొమ్మిది. అందులో మూడింటిలో వయొలిన్ మనసును తాకింది. వాయించినవారి పేరు రాయాలనే కూర్చున్నాను. తీరా వేరియస్ గారి గొప్పతనం చెప్పేసరికే నాకిచ్చిన జాగా అయిపోయింది. పైన నా ఫొటో రెండు వేళ్ల మేర తగ్గిస్తే ఒక పేరు పట్టేదే. ఎడిటర్‌ను అడుగుదామనే అనుకున్నాను. కానీ ఈసారి ఫొటో కొత్తగా తీయించుకున్నాను, బాగా వచ్చింది.