కాకి దిగని షాటు

పొద్దున్నే కృష్ణ ఒడ్డున కాకి పిండం ముట్టే షాటు తీసుకుని, మధ్యాహ్నం భోజనానికల్లా ఇల్లు చేరాలని జాన్‌బాబు అనుకున్నాడు. పెళ్ళిళ్ళలో తలంబ్రాలు తీసీ తీసీ విసుగెత్తిన వీడియోగ్రాఫర్ అతను. "చచ్చాక ఏమవుద్దని జనం నమ్ముతారో తియ్యవయ్యా. బాగుంటే ఆదివారం అరగంట నీదే," అని కేబుల్ ఓనరు హుమాయూన్ అనేసరికి ఎగిరి గంతేశాడు. మసీదు దగ్గర పెద్దాయన నమ్మకం, చర్చిలో మార్తమ్మ నమ్మకం అప్పటికే టేపుకెక్కాయి. ఇక కాకి మాత్రమే మిగిలింది.

ఆ రోజు వెంకటసుబ్బారావుగారి పదోరోజు. ఆయన మంగళగిరిలో కట్టుకున్న ఇంటిని అమ్మేసి, తల్లిని నెలకొకరు చూసుకుందామని కొడుకులిద్దరూ వ్యానులో వస్తూ మాట్లాడుకోవడం జాన్‌బాబు విన్నాడు. తల్లి సంపూర్ణమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెను చూస్తే అతనికి జాలేసింది.

పెద్దకొడుకు బసవయ్య పిండం అరిటాకులో పెట్టి పక్కకు జరిగాడు. కాకి ముడితే పోయినాయన తృప్తిగా ఉన్నట్టు, ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. క్రైస్తవుడైన జాన్‌బాబుకు ఇదంతా వింతగా ఉంది. గాలి హోరు పడకుండా మైకుకు నల్లగుడ్డ చుట్టి, వెదురుకర్రకు వేలాడదీసి, కర్రను ఆకు పక్కనే పాతి, కెమెరా వెనక కూర్చున్నాడు.

కాకులు గుంపుగా వచ్చాయి గాని ఒక్కటీ కిందికి దిగలేదు. పైనే తిరుగుతూ ఒకటే అరుపులు.

"నాన్న కోపంగా ఉన్నట్టున్నాడ్రా," అన్నాడు బసవయ్య తమ్ముడితో. చేతులు జోడించి, "నీ స్కూటరు అమ్మంలే నాన్నా," అన్నాడు. అరుపులు ఇంకా పెరిగాయి.

"అక్కతో మాట్లాడతాను నాన్నా, దసరాకి పిలుస్తాను," అన్నాడు తమ్ముడు. ఆ అక్క మాణిక్యం పక్కనే నిలబడి ముక్కు చీదింది.

"ఇంకేదో ఉంది, గుర్తు తెచ్చుకోండి," అన్నాడు పురోహితుడు, ఎండలోంచి నీడలోకి జరుగుతూ.

పోయినాయన మనసులోది కాకులకెలా తెలుస్తుందా అని జాన్‌బాబు తల పైకెత్తి చూశాడు. అవి పిండం వంకే చూడటం లేదు. గాలికి రెపరెపలాడుతున్న మైకు గుడ్డ మీదే వాటి గోల. పైనుంచి చూస్తే అది అచ్చం చచ్చిన కాకిలా ఉంటుందని అతనికి అప్పుడు తట్టింది. వంగి వంగి సంపూర్ణమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మగారూ, తప్పు నాదేనండీ. ఆ నల్లగుడ్డని చూసి బెదురుతున్నాయి. తీసేస్తానండీ."

ఆమె కొడుకుల వంక ఒకసారి చూసింది. "కూర్చో నాయనా. వాళ్ళింకా ఇంటి మాట ఎత్తలేదు," అంది మెల్లగా.

జాన్‌బాబు కూర్చున్నాడు. ఎండ మాడు మీదికొచ్చింది. చివరికి బసవయ్య చెమట తుడుచుకుంటూ, "ఇల్లు అమ్మం నాన్నా. అమ్మ పేరునే రాయిస్తాం," అన్నాడు. తమ్ముడు గబగబా తలూపాడు.

"ఇప్పుడు తీసెయ్ నాయనా," అంది సంపూర్ణమ్మ.

అతను పరిగెత్తుకెళ్ళి కర్ర పీకి పక్కకు జరిగీ జరగకముందే ఒక కాకి దిగి పిండం ముట్టేసింది. అందరూ దండం పెట్టారు. బసవయ్య బావురుమన్నాడు.

సాయంత్రం టేపు చూసి, "కాకేదయ్యా? అంతా నీ వీపేగా," అన్నాడు హుమాయూన్. అయినా ఆదివారం వేశాడు. నాన్న కోరిక తీర్చిన సంగతి చూడమని బసవయ్యే చుట్టాలందరికీ ఫోన్లు చేసుకున్నాడు. ఇక మాట తప్పడానికి దారి లేకపోయింది.

ఆ తర్వాత జాన్‌బాబుకు పెళ్ళిళ్ళకన్నా పదోరోజులకే పిలుపులు ఎక్కువయ్యాయి. పిలిచినవాళ్ళంతా సంపూర్ణమ్మకు తెలిసిన ఆడవాళ్ళే.