చలమయ్య గొంతు

పెద్దకర్మ రోజు పొద్దున్నే ఉపేంద్ర వేసుకున్న పథకం చిన్నదే. పురోహితుడు వచ్చేలోగా స్నానం కానిచ్చి, ఇంటి వెనక సామాన్ల గదిలో దూరి తలుపు వేసుకుని, తండ్రి గొంతును ఒక్కసారి సాధన చేయాలి. అంతే. అంతేగా అని తనకు తనే నాలుగుసార్లు చెప్పుకున్నాడు.

అతని తండ్రి చలమయ్య నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడిపిన మనిషి. బిందెను ఉంగరంతో టింగుమనిపించి, ఆ మోత ఆగేలోగా కొనేవాణ్ణి నవ్వించి, ఆ నవ్వు ఆగేలోగా బేరం తెగ్గొట్టేవాడు. పెళ్ళిలోనైనా పంచాయితీలోనైనా నలుగురు నోరు మూసుకుని కూర్చుంటే ఆయనకు ఊపిరాడేది కాదు. దొరికిన గిన్నె మీద రెండు దెబ్బలు కొట్టి, ఒక దగ్గు దగ్గి, "ఏందయ్యా, ఇంత సప్పుడు లేకుండా కూర్చున్నారు? ఎవరన్నా పోయారా?" అనేవాడు. చివరికి తనే పోయాడు. పోయే ముందు కొడుకును ఒంటరిగా పిలిచి, అతని చెయ్యి తన నెత్తిన పెట్టించుకున్నాడు.

"ఒరేయ్, నా పెద్దకర్మ పంక్తిలో జనం తలకాయలొంచుకొని తింటే నాకు గిట్టదు. నా మాట నా గొంతుతో నువ్వు అనాల. అందరూ నవ్వాల. ఈ సంగతి ఎవరికన్నా చెప్పావో, నా మీద ఒట్టే!"

అంతటి చలమయ్య కడుపున పుట్టి ఉపేంద్ర పిరికివాడయ్యాడు. "మావాడి మీద బల్లి పడితే బెల్లంకొండ దాకా పరిగెత్తి, అప్పుడు వెనక్కి చూస్తాడు" అని తండ్రే చెప్పుకుని నవ్వేవాడు. నలుగురిలో నోరు విప్పాలంటేనే అతనికి చెమటలు. అయినా నాన్న అడిగిన ఆఖరి కోరిక. అది తీర్చలేకపోతే తన మొహం తనే చూసుకోలేడు. పైగా పెద్దకర్మ అయ్యేదాకా పోయినవాళ్ళు ఇంటి చుట్టే తిరుగుతుంటారని నమ్మే ఇల్లది.

సామాన్ల గదిలో తండ్రి ఉంగరం వేలికి పెట్టుకుని బిందెను కొట్టాడు. మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి దగ్గు కుదిరింది. "ఏందయ్యా, ఇంత సప్పుడు లేకుండా కూర్చున్నారు? ఎవరన్నా పోయారా?" అచ్చం నాన్నే! అతను మురిసిపోయేలోగా గోడ అవతల, స్నానాల గదిలోంచి టింగ్ టింగ్ మంటూ మోత. ఒక దగ్గు. "ఏందయ్యా, ఇంత సప్పుడు లేకుండా..."

ఉపేంద్ర వెళ్ళి బిందెల దొంతర మీద పడ్డాడు. దొంతర వచ్చి అతని మీద పడింది. ఆ మోతకు గోడ అవతల ఎవరో కెవ్వుమన్నారు. పాక్కుంటూ బయటికొచ్చేసరికి, ఇంటర్ చదువుతున్న కూతురు సాయిసాత్విక స్నానాల గదిలోంచి పరిగెత్తుకొస్తూ ఎదురైంది.

"నాన్నా! తాతయ్య సామాన్ల గదిలో ఉన్నాడు! నేను విన్నా!"

"లేదమ్మా, స్నానాల గదిలో ఉన్నాడు! నేనూ విన్నా!"

సామాన్ల గదిలోది నా గొంతేనని చెబుదామంటే ఒట్టు అడ్డొచ్చింది. సాత్విక కూడా ఏదో చెప్పబోయి నోరు నొక్కుకుంది గాని, అంత భయంలో అతను అది గమనించలేదు. పిల్ల లోపల ఉండగానే వచ్చాడంటే నాన్నకు ఎంత కోపం వచ్చి ఉండాలి! తన అనుకరణ నచ్చక, ఎలా అనాలో ఆయనే అని చూపించాడన్నమాట.

వంటింట్లోంచి వచ్చిన భార్య రమాదేవి సంగతి విని గోడకు చేరగిలబడింది. అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన పురోహితుడు త్రికోటేశ్వరశర్మ గారి చేతిలోంచి పంచపాత్ర జారింది.

"గొంతు వినపడిందా? ఆ మాటేనా?" అన్నారు తడారిన నోటితో. "అయితే ఏదో కోరిక మిగిలిపోయింది. అది తీరితే గాని ఆయన కదలరు."

"షుగరని జిలేబీ ముక్క కూడా తిననీయలేదండీ నేను!" అని రమాదేవి భోరుమంది. బజారుకు మనిషిని పంపి జిలేబీ తెప్పించారు. పటం ముందు చుట్టలు పెట్టారు, పేకముక్కలు పెట్టారు. అసలు కోరిక ఏమిటో తెలిసిన ఉపేంద్ర మాత్రం ఉంగరం వేలు జేబులో దాచుకుని తిరిగాడు.

ఇంతలో ఇంటి పక్క సందులోంచి మళ్ళీ టింగ్ టింగ్, దగ్గు, అదే మాట! పెరట్లో వంటాయన గరిటె కింద పెట్టేశాడు.

"అయ్యా, మేం చిలకలూరిపేట బస్సెక్కుతాం. బతికున్నోళ్ళకి వండటమే మాకు చేతనయింది!"

అతని కాళ్ళావేళ్ళా పడి ఆపేసరికి, ఆ సందులోంచే చలమయ్య ప్రాణస్నేహితుడు, బండ్ల మెకానిక్ మోయిన్ వచ్చాడు.

"మామా, సందులో ఎవరన్నా కనపడ్డారా?" అని అడిగాడు ఉపేంద్ర.

"ఎవురూ లేరే. నేనొక్కణ్ణే వచ్చా. ఏంది సంగతి?"

ఎవరూ లేరట! ఉపేంద్ర వెన్నులో చలి పుట్టింది. ఆ చలి అతనితో ఆగలేదు. పక్కింటి నాగభూషణరావు ద్వారా గడియలో బజారంతా పాకింది.

మధ్యాహ్నం షామియానా కింద పంక్తి కూర్చుంది. అందరికీ గేటు పక్క విస్తరే కావాలి. మాట లేదు, మంతి లేదు. తలలు వంచుకుని గబగబా మింగుతున్నారు. నాన్నకు గిట్టనిది సరిగ్గా ఇదే. ఆ మాట తను అంటే నాన్న బదులు పలుకుతాడు. అనకపోతే నాన్న ఎప్పటికీ పోడు. పారిపోదామని ఉపేంద్ర గేటు వైపు రెండడుగులు వేశాడు కూడా. కాని ఆ రోజు తన అరచేతి కింద తగిలిన నాన్న బట్టతల గుర్తొచ్చింది. వెనక్కి వచ్చి, నెయ్యి గిన్నె అందుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని కొట్టాడు.

టింగ్ టింగ్.

అతని మోతతో పాటే అటు నుంచి టింగ్ టింగ్, ఇటు నుంచి టింగ్ టింగ్. దగ్గుల మీద దగ్గులు. "ఏందయ్యా, ఇంత సప్పుడు లేకుండా కూర్చున్నారు? ఎవరన్నా పోయారా?" అని నాలుగు గొంతులు ఒక్కసారిగా లేచాయి.

పంక్తి పంక్తంతా లేచింది. నాగభూషణరావు విస్తరితో సహా గేటు దాటాడు. ఉపేంద్ర కళ్ళు తెరిచి చూశాడు. సాంబారు బకెట్ మీద గరిటె పెట్టుకుని రమాదేవి. నీళ్ళ జగ్గు మీద చెంచా పెట్టుకుని సాత్విక. గ్లాసు మీద స్పానరు పెట్టుకుని మోయిన్. ముగ్గురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"నీతో కూడానా?" అన్నాడు భార్యతో.

"నాకొక్కదానికే చెప్పానన్నారండీ మామయ్య గారు!"

"బాత్రూములో బకెట్ కొట్టింది నేనే నాన్నా," అంది సాత్విక.

"నా చేత గూడా ఒట్టేయించుకున్నాడు గదరా ముసలోడు!" అని మోయిన్ నెత్తి కొట్టుకున్నాడు. "సందులో గొంతు సరిచేసుకుంది నేనే!"

ముందు వంటాయన నవ్వాడు. తర్వాత సాత్విక. ఆ తర్వాత ఎవరిని ఎవరూ ఆపలేకపోయారు. గేటు దాటినవాళ్ళు నవ్వుకుంటూ తిరిగొచ్చి, ఎవరి విస్తరి ఏదో తెలియక ఏది దొరికితే దాని ముందు కూర్చున్నారు. ఉపేంద్ర కడుపు పట్టుకుని నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చేశాడు. తండ్రి పోయిన నాటి నుంచీ భయంతోనే సరిపోయింది గాని అతను ఏడవనేలేదు. ఇక నాన్న ఏ గదిలోనూ లేడని ఇప్పుడు తెలిసింది. భయం లేదు, బెంగగా ఉంది.

త్రికోటేశ్వరశర్మ గారు నవ్వులన్నీ సద్దుమణిగేదాకా ఆగి, కండువా చాటున పట్టుకున్న ఉద్ధరిణిని మెల్లగా పంచపాత్రలో వేసి, "అంటే, ఇక నేను అనక్కర్లేదా?" అని అడిగారు.