లిఫ్ట్ బాగానే ఉంది

ఆదివారం ఉదయం పది దాటిన కాసేపటికి ఆ అయిదంతస్తుల భవనంలో లిఫ్ట్ మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల ఐదుగురు ఉన్నారు. లిఫ్ట్‌లో ఏ లోపమూ లేదు. దాన్ని ఆపింది మెకానిక్.

మెకానిక్ వచ్చింది లిఫ్ట్ కోసం కాదు. నాలుగో అంతస్తులో ప్రతి ఆదివారం తాగుడు మానుకునేవాళ్లు కలుస్తారని మందుల షాపు గోడ మీద చదివాడు. ముందురోజు నుంచి చుక్క ముట్టలేదు. వెళ్లాలంటే భయం. వెళ్లకపోతే సాయంత్రానికి ఏమవుతుందోనని అంతకంటే భయం. ఎవరైనా చూస్తే ఆ మాట బావ చెవిన పడుతుంది. బావ అంటే భార్యకు అన్న, కంపెనీలో అతని సూపర్‌వైజర్. "తాగి లిఫ్ట్ షాఫ్ట్‌లో కాలు పెట్టావని తెలిసిందా, చుట్టమని చూడను బావా, ఆ రోజే ఇంటికి పంపించేస్తా" అని ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పే అలవాటు ఆయనకు లేదు.

అందుకని మెకానిక్ పొద్దున్నే ఒక ఉపాయం ఆలోచించాడు. యూనిఫారం వేసుకుని, పనిముట్ల సంచి భుజాన తగిలించుకుంటే, ఏ భవనంలోకి వెళ్లినా లిఫ్ట్ పనికే అనుకుంటారు. భార్యకు డ్యూటీ అని చెప్పాడు. సంచిలోంచి పనిముట్లు తీసేసి, మీటింగులో వేసుకోవడానికి ఇస్త్రీ చొక్కా పెట్టుకున్నాడు.

వాచ్‌మన్ గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"ఎవరు పిలిచారు?"

"కంప్లైంటు వచ్చింది."

"లిఫ్ట్ బాగానే ఉందే!"

"బాగున్నప్పుడే చూడాలి."

ఈ మాట వాచ్‌మన్‌కి నచ్చింది. ఇంత మంచి కంపెనీ ఉంటుందని అతను అనుకోలేదు. దగ్గరుండి చూపిస్తానంటూ మెట్ల మీద వెంటపడ్డాడు. నాలుగో అంతస్తులో మెకానిక్ ఆగితే తనూ ఆగాడు.

"మిషను మేడ మీద కదండీ, ఇక్కడ ఆగారేం?"

"ఆయాసం" అని మెకానిక్ మేడ ఎక్కాడు.

మిషను గదిలో ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఫ్యూజు ఊడదీశాడు. తుడిచి మళ్లీ పెట్టేద్దామనుకున్నాడు. చేతులు వణికాయి. పింగాణీ ఫ్యూజు నేల మీద పడి ముక్కలైంది. కింద లిఫ్ట్‌లో ఎవరో గంట నొక్కడం మొదలుపెట్టారు.

"ఇంకోటి వేసెయ్యండి" అన్నాడు వాచ్‌మన్, సంచి వైపు చూస్తూ.

మెకానిక్ సంచిని రెండు చేతులతో పొట్టకు హత్తుకున్నాడు. "నువ్వు ఇక్కడే ఉండు. స్విచ్ ఎవర్నీ ముట్టనివ్వకు. నేను వాళ్లని చూసొస్తా."

అతను వెళ్లగానే వాచ్‌మన్ గోడ మీదున్న కంపెనీ నంబరుకు ఫోన్ చేశాడు. సూపర్‌వైజర్ ఎత్తాడు.

"మీ మనిషి ఫ్యూజు పగలగొట్టాడండీ. ఇంకోటి పంపించండి."

"ఇవాళ అక్కడ ఎవరికీ డ్యూటీ లేదే! ఎలా ఉంటాడు?"

"సన్నగా ఉంటాడండీ. సంచి తెరవమంటే తెరవడు. చేతులు ఒకటే వణుకు."

సూపర్‌వైజర్ వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాడు. "మీ ఆయనేడమ్మా?"

"నీ దగ్గరే కదన్నయ్యా, డ్యూటీలో!"

"చెప్పులు వేసుకో. వస్తున్నా."

నాలుగో అంతస్తులో మెకానిక్ జేబులోని తాళంచెవితో, లిఫ్ట్ పైకీ కిందికీ తిరిగే షాఫ్ట్ తలుపు తెరిచాడు. కింద లిఫ్ట్ పైకప్పు కనిపించింది. లోపల నుంచి ఒక పెద్దావిడ గొంతు వచ్చింది.

"ఎవరు నాయనా?"

"మెకానిక్‌నమ్మా. ఫ్యూజు రావాలి. భయపడకండి."

"మేం బాగానే ఉన్నాం. నువ్వే భయపడుతున్నట్టున్నావు. మాకు మీటింగుంది. ఎలాగూ అందరం ఇందులోనే ఇరుక్కున్నాం, ఇక్కడే కానిచ్చేస్తాం."

"ఏం మీటింగమ్మా?" అని అడిగాడు, తెలిసే.

"తాగుడు మానేవాళ్లదిలే. నువ్వేం చెవులు మూసుకోనక్కర్లేదు."

ఒకాయన పాలకని బయల్దేరి మూడోరోజు పాలు లేకుండా ఇంటికి చేరిన సంగతి చెప్పాడు. ఇంకొకతను సీసా ఎక్కడ దాచాడో తనే మరిచిపోయి వంటగది గట్టు తవ్వించిన సంగతి చెప్పాడు. లిఫ్ట్‌లో నవ్వారు. మెకానిక్ తలుపు పక్కన నేల మీద కూర్చున్నాడు. లోపలివాళ్ల వంతులు అయిపోయాయి.

"ఇంకెవరైనా ఉన్నారా?" అంది పెద్దావిడ.

ఆ సమయానికి అన్నిటికంటే కింది అంతస్తులో సూపర్‌వైజర్ షాఫ్ట్ తలుపు తెరిచి, టార్చి వేసి పైకి చూస్తున్నాడు. పక్కన చెల్లెలు నిలబడి ఉంది. షాఫ్ట్‌లో పైన మాట్లాడితే కింద స్పష్టంగా వినిపిస్తుంది. ఆ సంగతి మెకానిక్‌కి తెలుసు. అప్పుడు గుర్తులేదు.

"నేనున్నానమ్మా" అన్నాడు. "నేను రిపేరుకి రాలేదు. మీ దగ్గరికే వచ్చాను. నిన్నటి నుంచి తాగలేదు. చేతులు ఆగడం లేదు, ఫ్యూజు అందుకే పడింది. ఇంట్లో డ్యూటీ అని అబద్ధం చెప్పా. మా బావకి తెలిస్తే ఉద్యోగం పోతుంది. దయచేసి ఎవరికీ చెప్పకండి."

జవాబు షాఫ్ట్ అడుగు నుంచి వచ్చింది, బావ గొంతుతో.

"చెప్పంలే బావా. ముందు ఆ తలుపు దగ్గర్నుంచి వెనక్కి జరుగు!"

మెకానిక్ గోడ తగిలేదాకా జరిగాడు.

"అన్నయ్యా, మరి ఉద్యోగం?" అంది కింద భార్య.

"తాగి కాలు పెడితే పంపించేస్తానన్నాను. వీడు తాగకుండా వచ్చి ఫ్యూజు పగలగొట్టాడు. దీనికి నా దగ్గర రూలు లేదు. వణుకు తగ్గేదాకా కంపెనీ స్టోరులో కూర్చోబెడతా."

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది. పైకొచ్చి సంచి తెరిచింది.

"పనిముట్లేవండీ?"

"మంచం కింద."

ఆమె చొక్కా తీసి, దులిపి, అతని చేతికిచ్చింది. సూపర్‌వైజర్ కొత్త ఫ్యూజు వేశాడు. లిఫ్ట్ నాలుగో అంతస్తుకు వచ్చింది.

మెకానిక్ ఇప్పటికీ ప్రతి ఆదివారం ఆ భవనానికి వస్తున్నాడు. లిఫ్ట్‌లో లోపం ఏమిటో వాచ్‌మన్‌కి ఇంతవరకు తెలియలేదు.