చుట్టి, తాడు గట్టి, ట్రాలీ ఎక్కిచ్చి

గురువారం పొద్దున పర్శరాములు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సదానందం ఆడపిల్లలిద్దరినీ బడిలో దించి వస్తాడు. ఈలోపు తాను మగ్గం మీది జంపఖానాను దించి ట్రాలీ ఎక్కిస్తాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని చాయ్ తాగుతారు. ఆ రోజు ఆ చాయ్ తాగే యోగం ఇద్దరికీ లేదు.

కొత్తవాడలో పెద్ద జంపఖానా నేయాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరి చెయ్యి ఆగితే రెండోవారి చెయ్యీ ఆగుతుంది. పర్శరాములు, సదానందం పదిహేనేళ్ళుగా అలా జోడీగా నేస్తున్నారు. పర్శరాములు బిడ్డ కావ్య, సదానందం బిడ్డ దీప చదివేది కూడా ఒకే బడి. మూడు వారాల కింద పర్శరాములు భార్య నవనీత బట్టల కంపెనీలో చేరింది. అప్పటినుంచి పిల్లలను దించడం, తీసుకురావడం తండ్రులు పంచుకున్నారు. ఒకరోజు ఈయన, ఒకరోజు ఆయన.

ఈ పద్ధతి పర్శరాములు తల్లి మల్లవ్వకు మింగుడుపడలేదు.

"మొగోడు మగ్గం ఇడిశిపెట్టి బడి సుట్టు తిరుగుడేందిరా? సరే, నెల రోజులు సూస్త. ఒక్కనాడు పోరి కాడ తేడా వచ్చిందంటే నవనీత నౌకరి బంద్. మల్ల నాతోని మాట్లాడద్దు."

మూడు వారాల్లో నవనీత ఇంట్లో నవ్విన నవ్వులు, పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో నవ్వినవాటికన్నా ఎక్కువ. ఆ నౌకరితో పాటే ఆ నవ్వూ పోతుందని పర్శరాములు భయం. అందుకే కావ్యను బడికి పంపే పనిని అతను దేవుడి పల్లకి మోసినంత భక్తిగా చేస్తున్నాడు.

ఇక ఆ జంపఖానా సంగతి. దాని ఒక మూలన వాన పడుతుంటే ఇంకో మూలన వడియాలు ఎండబెట్టుకోవచ్చు. అంత పెద్దది. నర్సంపేట రోడ్డు మీది ఫంక్షన్ హాలు వాళ్ళు చేయించుకున్నారు. సదానందం పిల్లలను తీసుకుని పోగానే పర్శరాములు దాన్ని మగ్గం మీది నుంచి దించాడు, తల్లీకొడుకులు కలిసి కాళ్ళతో తొక్కుతూ చుట్టారు, తాడు కట్టారు. వాడకట్టులోని పదిమంది చేయి వేస్తే డ్రైవర్ యాకయ్య ట్రాలీ ఆటో ఎక్కింది.

ట్రాలీ అటు పోగానే ఫోన్ మోగింది.

నవనీత కంపెనీలో పనిచేసేవాళ్ళ ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆ పొద్దున కావ్య బడికి పోనని మొండికేసింది. అది చూసి వచ్చిన నవనీత మనసు ఆగక, సూపర్‌వైజర్ రమ మేడంను ఒక్కసారి కనుక్కోమని బతిమాలింది. రమ మేడంది రాజమండ్రి. మనిషి చాలా మంచిది. జంపఖానా మీద కూర్చోవడమే తప్ప దాన్ని మగ్గం మీది నుంచి దించగా ఎన్నడూ చూడలేదు.

"నవనీతగారి హస్బెండేనా అండీ? దించేశారా అని ఆవిడ కనుక్కోమన్నారండీ."

నాలుగు రోజులుగా 'ఆ జంపఖానా ఎప్పుడు దించుతవ్' అని నవనీత పొడుస్తూనే ఉంది. అడిగింది దాని గురించేనని పర్శరాములు అనుకున్నాడు.

"ఆఁ, దించిన మేడం. ఇప్పుడే."

"ఏమైనా ఇబ్బంది పెట్టిందాండీ?"

"మస్తు సతాయించింది. ఎంత గుంజినా కదులుతలేదు. ఎట్లనో ఈడ్సుకుంట వాకిట్లకు తెచ్చిన."

"ఈడ్చారా!"

"మరి ఎత్తుకునేటట్లు ఉన్నదా మేడం? ఇగ మా అవ్వ నేను కలిసి తొక్కినం. అప్పుడు లొంగింది."

"తొక్కారా? మీ అమ్మగారు కూడానా?"

"అవ్వకు అలవాటే. ముప్పై ఏండ్ల సంది తొక్కుతాంది. గట్టిగ చుట్టి, రెండు కాడ్ల తాడు గట్టి, ట్రాలీ ఎక్కిచ్చిన."

రమ మేడం కుర్చీ వెతుక్కుంది. "ఎక్కడికండీ?"

"ఫంక్షన్ హాలుకు. వాళ్ళు పోయిన వారమే వచ్చి చూసుకున్నరు, నచ్చింది. ఇగ అది మనింటికి రాదు. నవనీతను ఫికర్ జెయ్యద్దని చెప్పుండ్రి. వచ్చే నెల ఇంకోటి మొదలువెడ్తం."

మన మాటలో ఆడపిల్ల అయినా 'అది'యే, జంపఖానా అయినా 'అది'యే. పాపం, పర్శరాములు మాటల్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు.

రమ మేడం నవనీతకు ఏమీ చెప్పలేదు. చెంబెడు నీళ్ళు తానే తాగి, బడికి ఫోన్ చేసింది. హెడ్‌మిస్ట్రెస్ ఆయా మొగిలమ్మను ఒకటో తరగతికి పరుగెత్తించింది. మొగిలమ్మ పరుగెత్తుకుంటూ తిరిగొచ్చింది.

"ఫస్ట్ క్లాసుల కావ్య లేదు మేడం!"

రోజూ గేటు దగ్గర పిల్లల చేయి పట్టుకుని ఎవరి తరగతిలో వాళ్ళను కూర్చోబెట్టేది మొగిలమ్మే. ఆ పొద్దున ఆమె ట్యాంకుకు నీళ్ళు పెట్టడానికి పోయింది. సదానందమే పిల్లలను లోపలికి తీసుకుపోయాడు. కావ్య దీప చేయి వదలలేదు. "పెద్దనాయినా, నేను అక్క కాడ కూసుంట" అంది. "కూసో బిడ్డా, నీ ఇష్టం" అన్నాడు సదానందం. ఇద్దరినీ దీప చదివే రెండో తరగతిలో దించి వచ్చేశాడు.

ఇంకేముంది, పోలీసులకు ఫోన్ పోయింది. ఆ కబురు కాశిబుగ్గ చౌరస్తా చేరేసరికి ఒక్క పిల్ల కాస్తా ముగ్గురు పిల్లలయింది, ట్రాలీ లారీ అయింది. కానిస్టేబుల్ ఓంకార్ రోడ్డుకు అడ్డంగా నిలబడి యాకయ్యను ఆపాడు.

"ఏమున్నది దీంట్ల?"

"జంపఖానా సార్."

"విప్పు."

"ఈడనా సార్? విప్పుడు అల్కగనే ఉంటది. మల్ల చుట్టాలంటే మీ స్టేషన్ మొత్తం దిగాలె."

"విప్పుమన్ననా లేదా?"

విప్పారు. అది తూర్పు రోడ్డు మూసి, పడమటి రోడ్డు మూసి, చాయ్ హోటల్ మెట్లెక్కి ఆగింది. లోపల దొరికింది ఒక్కటే, నిన్నటి నుంచి కనబడని సదానందం ఎడమ కాలి చెప్పు. దాన్ని చూసి ఓంకార్‌కు అనుమానం ఇంకా పెరిగింది.

అంత చక్కని కొత్త జంపఖానా చౌరస్తాలో పరిచి కనబడితే జనం ఏం చేస్తారు? చెప్పులు విడిచి కూర్చున్నారు. బస్సులో వాళ్ళు దిగి కూర్చున్నారు. కూరగాయలు కొనడానికి వచ్చినవాళ్ళు సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"మీటింగ్ ఎప్పుడు షురూ జేస్తరు?" అని ఒకాయన ఓంకార్‌నే అడిగాడు.

యాకయ్య ఫోన్ చేస్తే పర్శరాములు, సదానందం, మల్లవ్వ ముగ్గురూ ఒకే బండి మీద వచ్చి పడ్డారు. ట్రాలీ దొరికిందని పోలీసులు చెప్పగానే అటువైపు నుంచి కంపెనీ జీపులో రమ మేడం, నవనీత దిగారు. దారిలోనే రమ మేడం సంగతంతా చెప్పేసింది. నవనీత నేరుగా మొగుడి ముందుకొచ్చింది.

"కావ్య ఏదయ్యా?"

"బడిల ఉన్నది."

"బడిల లేదట!"

పర్శరాములు సదానందం వైపు తిరిగాడు. "అన్నా, పిల్లను యాడ దించినవ్?"

"బడిల్నే తమ్మీ, నా మీద ఒట్టు!" అన్నాడు సదానందం.

"ఏ క్లాసుల?"

"దీప క్లాసుల. ఇద్దరిది ఒక్కటే కాదా?"

నవనీత ఓంకార్ చేతిలో ఫోన్ లాక్కుని బడికి చేసింది. మొగిలమ్మ ఈసారి రెండో తరగతికి పరుగెత్తింది. కావ్య అక్కడే ఉంది. దీప పక్కన కూర్చుని, రెండో తరగతి వాళ్ళకు తప్పులు దిద్దుతోందట. ఆ మాట వినగానే నవనీత జంపఖానా మీద కూలబడి ఏడ్చింది, వెంటనే నవ్వింది.

మల్లవ్వ మాత్రం నవ్వలేదు.

"దొరికింది, మంచిగైంది. గని తేడా వచ్చిందా లేదా? మొగోళ్ళకు బిడ్డలు ఏడ సదువుతాన్రో ఎర్కనా? రేపటి సంది నౌకరి బంద్!"

నవనీత జీపు వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"అవ్వ చెప్పింది కరెక్టే" అన్నాడు ఓంకార్, పరువు నిలుపుకోవడానికి. "తండ్రివై ఉండి బిడ్డ ఏ క్లాసో తెలువకపోతే ఎట్లనయ్యా?"

పర్శరాములు తల ఎత్తాడు.

"ఫస్ట్ క్లాస్, బీ సెక్షన్, రోల్ నంబర్ పదిహేడు. క్లాస్ టీచర్ వీరభద్రం సారు. కిటికీ పక్క బెంచీల కూసుంటది, ఎండ పడ్తదని గులుగుతది. సోమవారం తెల్ల బూట్లు. బుధవారం అన్నం డబ్బ తిరిగి తెస్తది, ఎందుకంటే ఆ రోజు బెండకాయ. రబ్బరు తింటది, అందుకే రెండు పెడ్త." ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాడు. "మీ పిల్లగాడు ఏ క్లాసు సార్?"

ఓంకార్ నోరు తెరిచాడు. "పెద్దోడు... ఆరు. కాదు, ఏడు..." టోపీ సర్దుకుని, చాయ్ హోటల్ వెనక్కి పోయి ఇంటికి ఫోన్ కలిపాడు.

జంపఖానా మీద కూర్చున్న ఒక మగాయన జేబులోంచి ఫోన్ తీశాడు. ఇంకొకాయన తీశాడు. చూస్తుండగానే కాశిబుగ్గ చౌరస్తాలో రెండు వందల మంది తండ్రులు చెయ్యి అడ్డం పెట్టుకుని ఇళ్ళకు ఫోన్లు చేస్తున్నారు. ఒకాయనకు కొడుకు పోయినేడే పది పాసై కాలేజీలో చేరినట్టు తెలిసింది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వుతుంటే కూరగాయల సంచుల్లోంచి టమాటాలు దొర్లాయి.

మల్లవ్వ కొడుకును కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"నువ్వు ఎన్నో తరగతి దాంక సదివినవ్ర?"

"ఏడు, అవ్వా."

"మీ నాయిన సచ్చేదాంక మూడే అనుకున్నడు."

కొంగుతో ముఖం తుడుచుకుని కోడలి వైపు తిరిగింది. "నువ్వేందే, గట్ల కూసున్నవ్? మేడం జీపు పెట్టుకొని నిలబడ్డది. డ్యూటీకి పో."

"అత్తమ్మా, మరి నౌకరి..."

"పో అన్ననా లేదా? పోరిని వీడు చూసుకుంటడు."

రమ మేడం మల్లవ్వ చేతులు పట్టుకుంది. "క్షమించండమ్మా. ముప్పై ఏళ్ళుగా తొక్కుతున్నారంటే నేను ఇంకోలా అనుకున్నానండీ."

"తొక్కకపోతే చుట్టరాదు బిడ్డా" అంది మల్లవ్వ తాపీగా.

జంపఖానాను చుట్టడానికి నిజంగానే స్టేషన్ మొత్తం దిగింది.

మర్నాడు పొద్దున బడి గేటు ముందు ఎక్కడ చూసినా నాన్నలే. ఒక చేతిలో పిల్ల, ఒక చేతిలో డబ్బా, ముఖం నిండా అనుమానం. వాళ్ళను లైనులో నిలబెట్టడానికి పోలీసును పిలుద్దామని మొగిలమ్మ బయటికి వచ్చి చూసింది గానీ, ఆయన అప్పటికే లైనులో ఉన్నాడు.