నత్తల భారం

ఆ ఉదయం యర్రయ్య పెట్టుకున్న పని ఒక్కటే. కుళాయి నీళ్ళు వదిలేలోగా డ్రమ్ములు కడగడం. ఆయన ఫెర్రీ బోట్ల ఇంజను గదిలో పనిచేసి రిటైరైన మనిషి. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కనుక మాట్లాడడం ఆయనకు అలవాటు కాలేదు.

ఫోను మోగింది. చర్చి వాళ్ళ ఆదరణ సేవాదళం సెక్రటరీ బాబ్జీ.

"ప్రైజ్ ద లార్డ్ అన్నా. హేవ్‌లాక్ దీవిలో ఇరుక్కుపోయాను. గాలికి బోట్లు కేన్సిల్. ఇవాళ బస్తీ కమిటీ మీటింగుకి మన తరఫున నువ్వే ఎల్లాలి."

"నేనా? నాకేటి తెలుసు తమ్ముడూ?"

"ఒక్క మాట చాలు. శనివారం కంటి క్యాంపుకి కమ్యూనిటీ హాలు మాకివ్వండి అను. ఇంకేటీ ఒప్పుకోకు. పోయినేడు జనం రాలేదని డాక్టరుగారు అలిగారు. ఈసారి హాలు కూడా లేదంటే ఇక రారు."

భార్య నూకరత్నం టీ తెచ్చింది. అందులో ఉప్పు వేసింది. కొన్నాళ్ళుగా ఉప్పు డబ్బా, పంచదార డబ్బా ఆమెకు ఒక్కలాగే కనిపిస్తున్నాయి. ఆస్పత్రి గడప తొక్కనని భీష్మించుకుని, ఈ క్యాంపు కోసమే కాచుకుని ఉంది.

"హాలు తేకుండా రాకు," అంది. "ఇంకేటీ నెత్తికెత్తుకోకు."

వాళ్ళుండే బతు బస్తీ హాల్లో అప్పటికే తగువు నడుస్తోంది. వానలకు నత్తలు గుప్పెడంత లావెక్కి, గోడలు పాకి, బొప్పాయి మొక్కల్ని మొదలంటా తినేస్తున్నాయి. వాటిని ఏరేదెవరు?

"మా ఇంట్లో ఒక్క నత్త లేదు. నేనెందుకేరాలి?" అన్నాడు క్యారమ్స్ క్లబ్బు సత్యారావు. "పైగా శనివారం హాల్లో మాకు టోర్నమెంటుంది."

శనివారం అనగానే యర్రయ్య తలెత్తాడు. అధ్యక్షురాలు భారతీదేవి, రిటైరైన టీచరు, ఆయన్నే చూసింది.

"చర్చి తరఫున యర్రయ్యగారొచ్చారు. రెండు మాటలు చెప్పండి."

యర్రయ్య లేచాడు. దారిపొడుగునా వల్లించుకున్న ఆ ఒక్క మాటా ఎగిరిపోయింది. రెండు మాటలు చెప్పమంటే చర్చిలో చేసేది ఒక్కటే. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"పరిశుద్ధుడవైన తండ్రీ..."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి కళ్ళు మూసుకున్నారు. ఎవరి దేవుడైనా సరే, ప్రార్థన మధ్యలో అడ్డుపడడం ఆ బస్తీలో లేదు. యర్రయ్య సముద్రం మీద బోట్ల కోసం, రోగుల కోసం, ఆఫీసర్ల కోసం వేడుకున్నాడు. ఎక్కడ ఆపాలో తెలియక, పాస్టరుగారు రోజూ ముగించే మాటనే పట్టుకున్నాడు.

"ఈ బస్తీ భారమంతా నీ బిడ్డలమైన మా మీద మోపు తండ్రీ. మేము మోస్తాము. ఆమెన్."

"ఆమెన్," అంది హాలంతా. వెనక వరసలో దర్జీ భాయ్ "ఆమీన్" అన్నాడు.

"ఏకగ్రీవం," అంది భారతీదేవి. "నత్తల పని సేవాదళానిది."

యర్రయ్య కళ్ళు తెరిచేసరికి చప్పట్లు.

"ఏటైంది?" అని పక్కాయన్ని అడిగాడు.

"ఆప్ బడే దిల్‌వాలే హో భయ్యా," అన్నాడాయన, పెద్ద మనసును మెచ్చుకుంటూ.

"నత్తలు కాదు టీచరమ్మా. శనివారం మాకు హాలు కావాలి," అన్నాడు యర్రయ్య.

"నత్తలన్నీ ఒకచోట చేర్చడానికా? బాగుంది. శనివారం పొద్దున అందరూ బకెట్లతో హాలు దగ్గరికి రండి."

"అది కాదు టీచరమ్మా, ఆ రోజు డాక్టరొస్తారు."

"పశువుల డాక్టర్ని కూడా పిలిచారా?" సత్యారావు కరిగిపోయాడు. "ఇంత ఏర్పాటు చేస్తుంటే మా టోర్నమెంటుదేముంది? లేలో భయ్యా, తీసుకో హాలు."

గెలిచాడో ఓడాడో యర్రయ్యకు అర్థం కాలేదు.

"హాలొచ్చిందా?" అంది ఇంటి దగ్గర నూకరత్నం.

"వచ్చింది."

"ఇంకేటీ ఒప్పుకోలేదు గదా?"

యర్రయ్య డ్రమ్ముల వైపు నడిచాడు. నీళ్ళు వచ్చి వెళ్ళిపోయాయి.

శనివారం బోటు దిగి పరుగున వచ్చిన బాబ్జీకి హాలు ముందు రోడ్డుదాకా లైను కనిపించింది. ప్రతి చేతిలో బకెట్టు.

"ఏటిదన్నా?"

"భారం," అన్నాడు యర్రయ్య.

అంతలో డాక్టరుగారి జీపు ఆగింది. ఆయన దిగి ఆ లైను ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశాడు.

"పోయినేడు కుర్చీలు ఖాళీ. ఈసారి ఇంత జనమా?" అన్నాడు. "బకెట్లెందుకో తర్వాత చెబుదురుగాని. ముందు కళ్ళు చూస్తాను."

బకెట్టు అప్పగించడానికి వచ్చిన ప్రతివాణ్ణీ కుర్చీలో కూర్చోబెట్టారు. సత్యారావు అందరికంటే బరువైన బకెట్టు మోసుకొచ్చాడు. "వెతికితే మా ఇంట్లోనూ దొరికాయి," అన్నాడు గర్వంగా. డాక్టరు అందులోకి తొంగిచూశాడు.

"సగం గులకరాళ్ళే. మిమ్మల్ని ముందు చూడాలి."

నత్తలు చచ్చేందుకు వాటి మీద ఉప్పు తెచ్చి చల్లమంటే నూకరత్నం ఇంటి నుంచి పంచదార డబ్బా తెచ్చి కుమ్మరించింది. డాక్టరు ఆమెను రెండో మనిషిగా చూశాడు.

"వచ్చే ఏడూ వస్తాను," అన్నాడు సాయంత్రం జీపెక్కుతూ. "నత్తలు మాత్రం వద్దు."

తర్వాతి వారం నూకరత్నానికి కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని ముందు టీ కలిపింది. తీపిగానే ఉంది. తర్వాత పెరటి తలుపు తీసి గోడ వంక చూసింది.

"ఏటయ్యా, బస్తీలో నత్తలన్నీ ఏరించావు గదా. మరి మన గోడ మీద ఇవేటి?"

యర్రయ్య కళ్ళు మూసుకున్నాడు.