వైలింగ్ కాగితపు బంగారం

ఆ రోజు వైలింగ్ పెట్టుకున్న పనులు మూడే. తొమ్మిదింటికి బెండిగో ఊరి చిత్రశాల తలుపు తీయడం, పదకొండింటికి వచ్చే చిత్రశాల అధికారిణి హిల్డా ట్రెగియర్‌కు తన కళాకృతి చూపించడం, ఆవిడ చేత "శాశ్వతంగా ఉంచుకుంటాం" అనిపించుకోవడం. పదేళ్లుగా వైలింగ్ పని ఏదీ ఏ ఊళ్లోనూ నెలకు మించి నిలవలేదు.

బంగారం తవ్వడానికి చైనా నుంచి వచ్చి, ఇక్కడే మట్టిలో కలిసిపోయిన ఊరూపేరూ లేని కూలీల కోసం, ఊరివాళ్లంతా కూర్చుని మడిచిన మూడు వేల కాగితపు బంగారు కడ్డీలు దారాలతో కప్పుకు వేలాడుతున్నాయి; అదే ఆ కళాకృతి. వాటిలో సగం మడిచింది సూక్‌యింగ్ పెద్దమ్మ, ఆవిడతో రోజూ మహ్‌జాంగ్ పలకలాట ఆడే ముసలమ్మలూ.

"పెద్దమ్మా, కాస్త చూస్తుండు. కాఫీ తాగొస్తా."

"వెళ్లిరా తల్లీ. మిగతాది మేం చూసుకుంటాంగా."

మిగతాది ఏమిటో వైలింగ్ అడగలేదు. పోయినవాళ్ల కోసం మడిచిన కాగితాన్ని కాల్చకుండా వేలాడదీయడం పెద్దమ్మకు మూడు రోజులుగా మింగుడుపడటం లేదు. కాలిస్తేనే కదా అది వాళ్లకు చేరేది!

వైలింగ్ తిరిగొచ్చేసరికి కప్పుకు దారాలే మిగిలాయి. పెరట్లో ఇనప పీపా భగభగ మండుతోంది.

"ఎంత పని చేశావ్, పెద్దమ్మా!"

"పంపించేశాం. నూట డెబ్బై ఏళ్ల నుంచి చూస్తున్నారు పాపం. నువ్వేమో అందకుండా పైన కట్టి ఊరిస్తున్నావ్!"

"వాళ్లెప్పుడో చచ్చిపోయారే!"

"నేననేదీ అదేగా!"

ఇంతలో పొగ లోపలికి పాకి అలారం మోగింది. అలారం విని ఫైరింజన్ వచ్చింది. గొట్టాలతో దిగినవాళ్లను ముసలమ్మలు కదలనివ్వలేదు, తలా ఒక అగరొత్తి చేతిలో పెట్టారు.

"ఆ నీళ్లు పక్కన పెట్టండి నాయనా. టోపీలు తీసి మూడుసార్లు వంగండి."

వాళ్ల నాయకుడు రెండోసారి వంగుతుండగా హిల్డా వచ్చింది.

"మేడమ్, అది... మొత్తం కాలిపోయింది."

హిల్డా పీపా దగ్గరికి నడిచింది. "మా తాతకు తాత పేరు లూయ్ హింగ్. ఆయనా బంగారం కోసం వచ్చినవాడే. మా ఇంట్లో ఆ పేరెవరూ ఎత్తేవారు కాదు. ఆయనకూ ఒకటి పంపొచ్చా?"

వైలింగ్ సంచిలోంచి కాగితం తీసి, తనే మడిచి ఇచ్చింది. అది మంటలో పడగానే హిల్డా కళ్లు తుడుచుకుని, "పొగ వల్లే," అంది. పని నిలవాలని పదేళ్లు తిరిగిన వైలింగ్‌కు, అది కాలుతుంటే మొదటిసారి కడుపు నిండినట్టయింది.

"దీన్ని శాశ్వతంగా ఉంచుకుంటాం. ఏటా మడుద్దాం, ఏటా కాలుద్దాం," అంది హిల్డా.

"ముందు మాకో ఫోన్ కొట్టండి," అన్నాడు ఫైరింజన్ నాయకుడు.

హిల్డా అక్కడికక్కడే ఒప్పంద పత్రాలు తీసింది. 'కళాకృతి ప్రస్తుతం ఉన్న చోటు' అన్న గడి దగ్గర ఆవిడ కలం ఆగితే, పెద్దమ్మ తడుముకోకుండా 'పరలోకం' అని రాయించింది.